పక్కింటి మోకు

గట్టుపేట మొదటి వీధిలో, పేటల మంచిచెడ్డలు తూచే సత్యవేణి తన తూనికబిళ్ళను గోడకు ఆనించి, అది చల్లబడేదాకా ఆగింది. గాలి, నీడ, చప్పుడు, పొరుగు అన్నీ అందులోకి దిగాయి. ఎప్పటిలాగే గట్టుపేట గొప్పగా తూగింది. నగరంలో ఎవరికి ఏ ఇల్లు తగునో తేల్చే యంత్రం తులామతి ఆ అంకెను అందుకుని, వీధి చివరి పలకమీద పచ్చగా వెలిగించింది.

"ఎక్కువే వచ్చిందాండీ?" అని అడిగాడు త్రిమూర్తులు.

ఎక్కువే వచ్చిందని చెప్పిందామె. అతని ముఖం విప్పారింది. అతనూ భార్య భూలక్ష్మీ ఏళ్ళ తరబడి విడిదిగూళ్ళలో తలదాచుకున్నవాళ్ళు. ఇన్నాళ్ళకు వాళ్ళకు సొంతిల్లు కొనుక్కునే నివేశహక్కు వచ్చింది. అది జన్మకొక్కటే. ఒకసారి వేలిముద్ర పడిందంటే ఇల్లు మారడం ఉండదు. అందుకని చట్టం రెండు పేటలు చూపించి తీరాలంటుంది. రెండోది ఏటిపేట. త్రిమూర్తులు మాత్రం దాన్ని చూడకుండానే వద్దనుకుని వచ్చాడు. చిన్నప్పుడు వాళ్ళ లంకను గోదావరి ఒక్క వరదలో కలిపేసుకుంది.

"మింగినదాని ఒళ్ళో పడుకోమంటే నిద్దరెలా పడతాదండీ?" అన్నాడు.

"చారుగిన్నె నిండుగా ఉన్నా పక్కకి జరిగి కూచుంటారండి ఈయన," అంది భూలక్ష్మి.

సత్యవేణి నవ్వు ఆపుకుంది. గట్టుపేట అంటే ఆమెకూ మక్కువే. రాతి స్తంభాల మీద ఇళ్ళు మబ్బుల దగ్గర నిలబడి ఉంటాయి. ఏ ఇంటి నీళ్ళు ఆ ఇంటివి, ఏ ఇంటి గాలి ఆ ఇంటిది. తలుపు మనిషిని చూసి తెరుచుకుంటుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. తులామతి లెక్కలో దాన్నే ఇతరాధీనత సున్న అంటారు. ఇల్లు కొనేవాళ్ళకు అంతకంటే కావలసిందేముందని సత్యవేణి చాలామందికి చెప్పింది, నమ్మే చెప్పింది.

పట్టాలమీద జారే బండి వాళ్ళను కిందికి దింపేసరికి గోదావరి ఎర్రగా ఉంది. ఏటిపేట ఇళ్ళు ఇసుకమీద చతికిలబడి ఉన్నాయి. వరద రేపటికి గాని రాదని తులామతి చెప్పింది. సత్యవేణిని అది ఎప్పుడూ పొడి వేళల్లోనే ఇక్కడికి పంపేది. వరదకు ఏటిపేట ఇళ్ళు నీళ్ళమీద తేలి లేస్తాయని విన్నదే తప్ప కళ్ళారా చూసింది లేదు.

అమ్మకానికున్న ఇల్లు ఖాళీగా ఉంది. అరుగుమీద నడుమెత్తు గుంజ, దానికి చుట్టలుగా తడిసిన మోకు. అది ఈ ఇంటిది కాదనీ, పక్కింటిదనీ సత్యవేణి వివరించింది. ఇంటి అడుగున బయలుదేరిన మోకు ఏటి అడుగున ఇనుప కడియంలో దూరి, పక్కింటి గుంజకు చుట్టుకుంటుంది. వరదకు ఇల్లు తేలేటప్పుడు పక్కింటివాళ్ళు దాన్ని కాస్త కాస్తగా వదలాలి, లేకపోతే ఇల్లు ఒరిగిపోతుంది. పేట కొత్తలో ఎవరి మోకు వాళ్ళ గుంజకే ఉండేదట. వరద రాగానే ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు తమ మోకు ఇష్టమొచ్చినట్టు వదులుకున్నారు, వీధి చెల్లాచెదరైంది. అప్పటినుంచి ఎవరి ఇల్లు వాళ్ళ చేతిలో ఉండకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. తులామతి దాన్ని ఇతరాధీనత కింద లోపంగా లెక్కగట్టి తూనిక తగ్గిస్తుందని కూడా ఆమె చెప్పింది.

"తగ్గించదేటండి మరి," అన్నాడు త్రిమూర్తులు సంతృప్తిగా.

అప్పుడే వీధి కిందనుంచి పెద్ద ఊపిరి లాంటి శబ్దం వచ్చింది. ఎర్రనీళ్ళు ఇళ్ళ మధ్యకు వచ్చేశాయి. తులామతి లెక్క తప్పింది. పందిట్లోకి పెద్దవాళ్ళు వస్తే అందరూ లేచి నిలబడ్డట్టు, ఇళ్ళన్నీ ఇసుక వదిలి లేచాయి. ఇళ్ళతోపాటు మల్లెపందిళ్ళు లేచాయి, దండేల మీది బట్టలు లేచాయి. టీ కొట్టు, పొయ్యిమీద మరుగుతున్న పాలతో సహా చుక్క ఒలకకుండా లేచింది. బడిలో పిల్లలు లెక్కల్లోంచి తల ఎత్తలేదు. ప్రతి అరుగుమీదా ఒకరు నిలబడి, పక్కింటికి మోకు వదులుతున్నారు. సత్యవేణికి ఒళ్ళు జలదరించింది. ఒక ఊరు ఇంత నెమ్మదిగా, ఇంత మంది చేతులమీద పైకి లేవగలదని ఏ బిళ్ళా ఆమెకు చెప్పలేదు.

వాళ్ళు నిలబడ్డ అరుగుమీది గుంజ కిర్రుమంది. పక్కిల్లు ఒక వైపుకు ఒరిగింది. ఖాళీ ఇంటి గుంజకు వంతు ఉన్న మనిషి వరద రేపనుకుని వీధి చివర ఉండిపోయాడు. మధ్యలో నీళ్ళు. ఒరుగుతున్న ఇంటి అరుగుమీద దర్జీ మస్తాను తన గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల అతని భార్య, చంటిపిల్ల.

"బాబుగారూ, ఆ మోకు కాస్త వదలండి," అన్నాడు మస్తాను. "నేను రాలేనండి. నా చేతిలో అటుపక్క గంగరాజు గారి ఇల్లుంది."

త్రిమూర్తులు కదల్లేదు. అతని చూపు నీళ్ళమీదే నిలిచిపోయింది. భూలక్ష్మి ముందుకు వెళ్ళి మోకు పట్టుకుంది. బరువుకు ఆమె అరచేతులు జారాయి, ఇల్లు ఇంకొంచెం ఒరిగింది, లోపల ఏవో గిన్నెలు పడ్డాయి. ఆ చప్పుడుకు త్రిమూర్తులు ఒక్క అంగలో వచ్చి మోకు అందుకున్నాడు. జాన జాన చొప్పున వదలమన్నాడు మస్తాను. అతను వదిలాడు. ఇల్లు నిటారుగా నిలిచి, వీధితోపాటు లేవసాగింది. పాప ఏడుపు, వెంటనే జోకొడుతున్న తల్లి గొంతు, ఉడుకుతున్న అన్నం వాసన. అన్నీ అతని చేతుల్లోని తాడు చివర ఉన్నాయి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సత్యవేణి ఆ ఇంటి గోడకు ఆనించి పట్టుకున్న బిళ్ళ వెలిగింది. ఏటిపేట తూనిక గట్టుపేటలో సగం కూడా లేదు.

"గట్టుపేట తగును," అంది తులామతి బిళ్ళలోంచి. "వేలిముద్ర వేయండి."

ఇంతవరకు నగరంలో ఎవరూ అంకెకు ఎదురు చెప్పలేదు. సత్యవేణి బిళ్ళను అతని ముందుకు చాపింది. త్రిమూర్తులు భార్యవైపు చూశాడు. ఎర్రగా కందిన అరచేతులు ఒత్తుకుంటూ ఆమె తల ఊపింది. మోకు ఒక చేత్తో బిగించి పట్టి, అతను రెండో చేతి బొటనవేలు ఏటిపేట గుర్తుమీద నొక్కాడు.

"ఇతరాధీనత అధికం. కారణం చెప్పండి."

తులామతి కారణం అడగడం సత్యవేణి ఎన్నడూ వినలేదు.

"మస్తాను గారిల్లు నా చేతిలో ఉందండి," అన్నాడు త్రిమూర్తులు. "ఇంక గట్టుమీద పడుకున్నా, దీన్ని ఎవరు పట్టుకున్నారో అని లేచి కూచుంటాను. అదేదో ఇక్కడే పడుకుంటే సరిపోతాది."

బిళ్ళ వేడెక్కింది. పైన గట్టుపేటలో పచ్చగా వెలిగే పలకలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. ఆ వెనక కొండవాలు పేటలవీ ఆరిపోయాయి. నగరంలో ఇప్పుడు ఏ ఇల్లు మంచిదో ఎవరికీ తెలియదు. భయంతోనో ఆనందంతోనో సత్యవేణి గుండె గట్టిగా కొట్టుకుంది.

"ఇతరాధీనతను ఇకమీదట ఏ పళ్ళెంలో వేయాలి, లోపాలదాంట్లోనా, మేళ్ళదాంట్లోనా?" అని తులామతి ఆమెను అడిగింది.

తూనిక వేసేవాళ్ళు పేటలో దేన్నీ ముట్టుకోకూడదని నియమం. నీరు పెరుగుతోంది, త్రిమూర్తులు భుజాలు వణుకుతున్నాయి. సత్యవేణి బిళ్ళను అరుగుమీద పెట్టి, అతని వెనక నిలబడి మోకు పట్టుకుంది.

"కాసేపు ఆగు," అంది తులామతితో. "చేతులు ఖాళీ లేవు."