టిక్కు పడి మాయమైన పేర్లు

మద్రాసు చెన్నై అయిన మరుసటి ఏడు, ఒక శుక్రవారం మధ్యాహ్నం. పురసవాక్కంలో ప్రైవేట్ డిటెక్టివ్ మృణాళిని ఆఫీసుకు ఒక అమ్మాయి పరుగున వచ్చింది. పేరు కార్తీక. ఇల్లు మాధవరం. అంబత్తూరులో ఒక రక్తదాతల సంఘంలో కంప్యూటర్ ఆపరేటరు.

"దాతల పేర్లు పాత కంప్యూటర్ నుంచి కొత్తదాంట్లోకి ఎక్కిస్తా ఉండాను మేడమ్. నిన్న అరుదైన రక్తం కావాలని ఫోనొచ్చింది. చూస్తే కొత్తదాంట్లో ఆ దాత పేరే లేదు. ఇంకా చానామంది లేరు. పాతదాంట్లో మాత్రం అందరికీ ఎక్కించినట్టు టిక్కుండాది. నేనే దాచి వేరేవాళ్లకి అమ్మేసినానంట. సార్ అందరి ముందరా దొంగ అన్నారు. సాయంత్రం పోలీసులకి చెప్తారంట!"

ఆ సార్ సంఘం పెట్టిన కృష్ణస్వామి. మృణాళిని వెంటనే బయల్దేరింది. వెనకే అసిస్టెంటు శ్యామ్. మేడమ్‌కు తెలియనిది ఈ లోకంలో లేదని అతని గట్టి నమ్మకం. కంప్యూటర్ గురించి ఆమెకు ఒక్క ముక్క రాదన్న సంగతి అతనికి గుర్తే రాలేదు.

"ఇది ఎట్లా పనిచేస్తుందో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పమ్మా," అంది మృణాళిని, సంఘం ఆఫీసులో పాత కంప్యూటర్ ముందు కూర్చుని.

"మొదలుపెట్టంగానే ఫ్లాపీలో ఉండేదంతా తుడిచేస్తుంది. తర్వాత ఒక్కో పేరూ ఫ్లాపీలోకి ఇచ్చి, ఇచ్చినదానికి టిక్కూ తేదీ వేసుకుంటుంది. టిక్కు పడినదాన్ని మళ్లీ ఇయ్యదు. ఆ ఫ్లాపీని నేను ఆడ కొత్తదాంట్లో పెడతాను."

మాయమైన పేర్ల పక్కనున్న తేదీలు చూసి శ్యామ్ ఎగిరి గంతేశాడు. "అన్నీ శుక్రవారాలే మేడమ్!"

"శుక్రవారం నువ్వేమైనా వేరేగా చేస్తావా?"

"లేదు మేడమ్. అన్నిరోజుల మాదిరే పదకొండుకి మొదలుపెడతాను."

కీబోర్డు మీద తాజా కుంకుమ బొట్టుంది. అది ఎవరు పెట్టారని అడిగితే, శుక్రవారం అందరికంటే ముందు సారే వచ్చి పూజ చేస్తారని చెప్పింది కార్తీక. మృణాళిని గోడమీది క్యాలెండర్ వైపు చూసింది. నవ్వు ఆపుకోవడం ఆమెకు కష్టమైంది.

కాసేపటికి ఆఫీసు వాళ్లందరినీ ఆ గదిలోకి పిలిపించింది.

"శుక్రవారం రాహుకాలం ఎప్పుడండీ?"

"పదిన్నర నుంచి పన్నెండు," అన్నారు కృష్ణస్వామి చిరాగ్గా. "దానికీ దొంగతనానికీ ఏంది సంబంధం?"

"కార్తీక పదకొండుకు మొదలుపెడుతుంది. రాహుకాలంలో మొదలుపెడితే మీరు ఊరుకుంటారా?"

"ఎట్లా ఊరుకుంటానమ్మా? ప్రాణాలు నిలిపే పని! అందుకేగదా పూజ కాంగానే నేనే మీట నొక్కి, కాసేపు నడిపి ఆపేస్తాను. మంచి గడియలో మొదలైపోయిందంటే తక్కినది ఎప్పుడు చేసినా..." మాట సగంలోనే ఆగింది. ఆయన చూపు పాత కంప్యూటర్ మీదికి పోయింది.

"అవునండీ. మీరు నడిపిన ఆ కాసేపట్లో కొన్ని పేర్లు ఫ్లాపీలోకి వచ్చాయి. వాటికి టిక్కు పడింది. అవి కొత్తదాంట్లోకి చేరకముందే కార్తీక వచ్చి, ఏమీ తెలియక మళ్లీ మొదలుపెట్టింది. ఫ్లాపీ తుడిచిపెట్టుకుపోయింది. టిక్కు ఉంది గనక కంప్యూటర్ వాటిని మళ్లీ ఇవ్వలేదు. ఇచ్చినప్పుడే టిక్కు వేసుకుంది గానీ, చేరాయో లేదో అడగలేదు. ఎవరూ ఏమీ అమ్ముకోలేదు. ఆ టిక్కులు తీసేసి మళ్లీ ఎక్కిస్తే పేర్లన్నీ వచ్చేస్తాయి."

శ్యామ్ చప్పట్లు కొట్టబోయి, గదిలో ఎవరూ కదలకపోవడం చూసి చేతులు దించుకున్నాడు. కృష్ణస్వామి ముఖం ఎర్రబడింది. కార్తీక దగ్గరికి వచ్చి, తలొంచుకుని, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నారు.

"తప్పు నాదేనమ్మా."

కార్తీక కళ్లు తుడుచుకుంది.

"గట్టిగా చెప్పండి సార్. దొంగ అన్నప్పుడు అందరికీ వినిపించింది."




ఆయన తలెత్తి అందరివైపూ తిరిగారు. ఈసారి గట్టిగానే చెప్పారు.