తాళాలగుత్తి కల

"నిద్రపోయేదానివి నవల ఎందుకు తెచ్చుకుంటావు?"

దేవసేన ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఒళ్ళో ఉండాల్సిన పుస్తకం గుర్నాథం చేతిలో ఉంది, అదీ తలకిందులుగా.

"తెలుగు చదవను రాదు గదా బావా, నీకెందుకది?"

"బొమ్మ చూస్తా ఉండా. చదివి వినిపిస్తావని కూర్చుంటే, రెండు పేజీలకే గురక!"

"నేను గురక పెట్టను."

"ఎదురు సీటు ఆమెను అడుగు."

ఎదురు సీటు ఆమె ముసిముసిగా నవ్వింది. దేవసేనకు కోప్పడే ఓపిక కూడా లేదు. తిరువళ్ళూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పొద్దుటినుంచీ "నంబర్ ప్లీజ్" అంటూ కూర్చుని, గొంతూ నడుమూ రెండూ మొరాయించాక ఈ పాసింజరు రైలు ఎక్కుతుంది. గుర్నాథం ఆమె మేనత్త కొడుకు. తిరుత్తణిలో పాత్రల అంగడి. వారానికోసారి మద్రాసు నుంచి సరుకుతో ఇదే బండిలో వస్తాడు. అతను అరవ బడిలో చదివాడు, ఆమె పుత్తూరులో అమ్మమ్మ దగ్గర తెలుగు బడిలో. అందుకే ఈ చదివి వినిపించడం.

వచ్చే శుక్రవారమే వాళ్ళ తాంబూలాలు. పెళ్ళి మాట చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పెళ్ళయ్యాక ఉద్యోగం ఉంటుందా అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలంటే ఆమెకు భయం.

"సరే, ఆ కథలో అమ్మాయికి రోజూ ఒకటే కల వస్తాదంటివే, ఏం కల అది?"

"ఎదురుగా రైలు నిలబడి ఉంటాది బావా. చేతిలో ఇంటి తాళాలగుత్తి. దాన్ని గట్టిగా పట్టుకోని..."

పెద్ద ఆవలింత. అంతే, తల అతని భుజంమీద వాలిపోయింది.

తాళాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే పెత్తనం. అంగడివాడి బుర్రకు అంతకంటే ఏం తోస్తుంది? కథ వంకతో మరదలు తన మనసే చెప్పిందని గుర్నాథం పొంగిపోయాడు. వాళ్ళ ఇళ్ళల్లో కోడలు తల్లయినా అత్త నడుమునుంచి గుత్తి దిగదు. అయినా ఇంటికెళ్ళి తల్లి వాసవాంబను బతిమాలి ఒప్పించాడు.

శుక్రవారం తాంబూలాల తట్టలో చీర, పూలు, వాటిమీద తాళాలగుత్తి. చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టారు.

దేవసేన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అత్తా, నాకు ఇవి వద్దు."

"ఏందే? ఇన్నేండ్లు నేను మోసింది నీకు చులకనైపోయిందా?"

"చులకన కాదత్తా. ఇవి నడుముకు కట్టుకుంటే నేను బండి ఎక్కలేను. నాకు ఉద్యోగం కావల. బావ కూడా కావల. అడగను భయపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకోని ఉండా."

గుర్నాథం తెల్లబోయాడు. "కథలో ఆ పిల్ల తాళాలు గట్టిగా పట్టుకునిందంటివే!"

"పట్టుకోని పట్టాలమీదికి ఇసిరేయాలని చూస్తాది బావా. చెయ్యి లేవదు. అదీ కల!"

"ఆ సగం చెప్పకుండానే నిద్రపోతివి గదా!"

చుట్టాలు గొల్లుమన్నారు. వాసవాంబ నవ్వలేదు. తట్టలోంచి గుత్తి తీసి, కొత్త వస్తువును చూసినట్టు చూసింది.

"నాకు కలలే రాలేదే అమ్మా. నిద్రపోతే గదా. ఒరే గుర్నాథా, ఇట్ల రా."

కొడుకు బెల్టుకు గుత్తిని తనే తగిలించింది. "నువ్వు మొయ్యి. అది పనికి పోనీ."

మరుసటి వారం అదే పాసింజరు. గుర్నాథం కదిలితే చాలు, గలగల.

"ఏంది బావా, గంగిరెద్దు మాదిరి?"

"నవ్వు, నవ్వు. ఇంతకీ ఆ పిల్ల చెయ్యి లేచిందా? బండి ఎక్కిందా?"

"ఉండు, చదువుతా."

దేవసేన పుస్తకం తెరిచింది. రెండు వాక్యాలు చదివింది. మూడోది సగంలో ఉండగానే తల అతని భుజంమీద వాలిపోయింది.

బండి కుదుపుకు తాళాలు మోగకుండా గుత్తిని పిడికిట్లో బిగించి పట్టుకుని, తిరుత్తణి వచ్చేదాకా గుర్నాథం కదలకుండా కూర్చున్నాడు.