గూడబాతు రెక్కలో ఖాళీ

డెల్ఫీనా బడి నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద జెండా పరిచి ఉంది. నానమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని దాని చుట్టూ తిరుగుతోంది.

అది దేశం జెండా కాదు. తాతయ్య పనిచేసిన నేవీ స్క్వాడ్రన్ జెండా. ముదురు నీలం గుడ్డ మధ్యలో తెల్లటి సున్నా. ఆ సున్నాలో రెక్కలు చాచిన ఒక గూడబాతు. దాని ముక్కు కింద సంచిలో చేపకి బదులు బాంబు ఉంటుంది. కాళ్ళ కింద ఎర్రటి మెరుపు. మొదటిసారి చూసినవాళ్ళెవరైనా నవ్వుతారు. నవ్వాలనే అలా వేశాం అనేవాడు తాతయ్య.

ఆ స్క్వాడ్రన్ వాళ్ళని అందరూ గూడబాతులనే పిలిచేవారు. విమానవాహక నౌక మీంచి ఎగిరి వెళ్ళడం, శత్రువుల వంతెనల మీదా రైలు పట్టాల మీదా బాంబులు వెయ్యడం, తిరిగొచ్చి ఊగుతున్న ఆ నౌక మీదే దిగడం వాళ్ళ పని. మొదట్లో ముక్కుకి పంకా ఉండే విమానాలు, తర్వాత జెట్లు. ఇప్పుడా స్క్వాడ్రన్ లేదు. డెల్ఫీనాకి మూడేళ్ళప్పుడు నేవీ దాన్ని మూసేసింది. ఆ రోజు వీళ్ళ ఊరు లెమూర్‌లోని నేవీ బేస్‌లో బ్యాండు వాయించి, జెండా చుట్టి తాతయ్య చేతికిచ్చారు. అప్పటి నుంచి అది వీళ్ళింట్లోనే ఉంటోంది.

ప్రతి అక్టోబర్లోనూ, పత్తి కోతలు అయ్యాక, మిగిలిన గూడబాతులందరూ లెమూర్‌లో కలుస్తారు. ఊళ్ళో పోర్చుగీసువాళ్ళు కట్టుకున్న హాల్లో భోజనం, కబుర్లు. రేపే ఆ రోజు. తాతయ్య మార్చిలో పోయాడు. ఆయన లేకుండా ఇదే మొదటిసారి.

"మిసెస్ సంగ్ ఎంత బాగా ఉతికిందో చూశావా?" అంది నానమ్మ. మిసెస్ సంగ్‌ది వీధి చివర లాండ్రీ.

నిజంగానే జెండా మెరుస్తోంది. కానీ మెరిసేకొద్దీ దాని లోపం ఇంకా బాగా కనిపిస్తోంది. గూడబాతు కుడి రెక్క చివర మూడు ఈకలు లేవు. గుడ్డతో కత్తిరించి కుట్టిన ఈకలన్నీ వరసగా ఉండి, అక్కడ మాత్రం పన్ను ఊడిన నోరులా ఖాళీ.

చిన్నప్పుడు డెల్ఫీనా ఆ సంగతి తాతయ్యని అడిగింది. "గూడబాతులు ఈకలు రాలుస్తాయి కదా. మాది కూడా రాల్చింది" అన్నాడాయన. పాతదైపోయి ఊడిపోయాయన్నమాట, అనుకుంది డెల్ఫీనా.

కాసేపటికి నానమ్మ తీపి రొట్టెలు కాల్చడానికి హాలుకి వెళ్ళిపోయింది. అమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. డెల్ఫీనా ఆ ఖాళీని చూస్తూ నిలబడింది.

తప్పు కనిపిస్తే సరిచెయ్యకుండా ఉండలేదు డెల్ఫీనా. క్లాసులో టీచరు బోర్డు మీద అక్షరం తప్పు రాస్తే అందరికంటే ముందు తన చెయ్యే లేస్తుంది. పైగా కుట్టు బాగా వచ్చు. ఎండాకాలంలో కౌంటీ ఫెయిర్ పోటీల్లో తను కుట్టిన దిండు గలీబుకి రెండో బహుమతి కూడా వచ్చింది. రేపు అంతమంది ముందు ఈ బోడి రెక్క ఎందుకు?

నడవాలో గోడకి ఒక చెక్క పలక ఉంది. నేవీవాళ్ళు తాతయ్యకి ఇచ్చింది. దాని మీద అదే గూడబాతు, రెండు రెక్కల నిండా ఈకలతో ఉంది. డెల్ఫీనా ఆ పలక దించి, ఈకల మీద కాగితం పెట్టి గీసుకుంది. తన డబ్బాలోంచి బూడిదరంగు మందపు గుడ్డ తీసి కత్తిరించింది. ముక్కలు మరీ కొత్తగా కనిపిస్తున్నాయని టీ నీళ్ళలో ముంచి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టింది. తర్వాత కూర్చుని కుట్టింది. కుట్లు ఎంత చిన్నగా వేసిందంటే, ఏవి పాత ఈకలో ఏవి కొత్తవో తనకే తెలియలేదు.

జెండా చుట్టి పెట్టేసింది. నానమ్మ వచ్చాక ఏమీ చెప్పలేదు. రేపు హాల్లో విప్పినప్పుడు చూసి ఆశ్చర్యపోవాలని.

*

హాలంతా రొట్టెల వాసన, కాఫీ వాసన. నానమ్మ వంటగదిలో పెద్ద గిన్నెల దగ్గర ఉంది. కలయిక ఏర్పాట్లన్నీ చూసే టటిల్ గారు జెండా అందుకుని తలుపు పక్కన గోడకి తగిలించారు. ఆయన చేతిలో ఎప్పుడూ పది పనులుంటాయి. తగిలించారు కానీ దాన్ని సరిగ్గా చూడలేదు.

ఒక్కొక్కరూ వస్తున్నారు. కొందరు చేతికర్రలతో, కొందరు భార్యల చెయ్యి పట్టుకుని. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నానమ్మ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, తాతయ్యని తలుచుకుని, జెర్మానో లేక హాలు చిన్నబోయిందమ్మా అంటున్నారు. డెల్ఫీనా రొట్టెల బుట్ట పట్టుకుని అందరికీ పంచుతోంది. ఎవరైనా జెండా చూసి మెచ్చుకుంటారేమోనని ఒక కన్ను అటే వేసి ఉంచింది.

అప్పుడు వెండెల్ స్ట్రౌడ్ వచ్చాడు. నౌకలో ఆయన పారాచూట్లు మడతపెట్టి, చిరిగినవి కుట్టే పని చేసేవాడు. చక్కెర జబ్బుతో చూపు దాదాపు పోయింది. కూతురు తలుపు దాకా తెచ్చి వదిలిపెట్టింది. అక్కడి నుంచి గోడ పట్టుకుని నేరుగా జెండా దగ్గరికే నడిచాడు. చెయ్యెత్తి గూడబాతు కుడి రెక్క మీద పెట్టాడు.

వేళ్ళు రెక్క చివరిదాకా జరిగాయి. ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ జరిగాయి.

"ఇది మన జెండా కాదు" అన్నాడు.

దగ్గరున్నవాళ్ళు మాటలాపేశారు. టటిల్ గారు వచ్చి కళ్ళజోడు సవరించుకుని చూశారు. తర్వాత వంటగదిలోంచి నానమ్మ వచ్చింది. జెండాని చూసింది. చేతిలో పళ్ళేన్ని మెల్లగా పక్క బల్ల మీద పెట్టింది.

అలాంటి ముఖం డెల్ఫీనా మార్చిలో ఒకసారి చూసింది. మళ్ళీ ఇప్పుడు.

దీన్ని ఎక్కడికి పంపావు ఓడీలియా అని టటిల్ గారు అడిగారు. లాండ్రీకి తప్ప ఎక్కడికీ పంపలేదంది నానమ్మ. ఆయన ముఖం ఎర్రబడింది. ఉతకమంటే ఉతకాలి గానీ, చెప్పని పని చెయ్యమని ఎవరన్నారు, ఇప్పుడే ఫోన్ చేసి నాలుగు మాటలు అడుగుతానంటూ గోడ ఫోను దగ్గరికి వెళ్ళారు.

డెల్ఫీనా రొట్టెల బుట్ట కింద పెట్టింది. తను చేసిన తప్పేమిటో ఇంకా అర్థం కాలేదు. లేనివి పెడితే బాగుపడాలి కదా. కానీ ఏదో పెద్ద తప్పు జరిగిందని మాత్రం తెలుస్తోంది. మాట్లాడకుండా ఊరుకుంటే అది తన మీదికి రాదని కూడా తెలుస్తోంది. మిసెస్ సంగ్ ఈ హాల్లో లేదు. ఆవిడ తరఫున మాట్లాడేవాళ్ళెవరూ లేరు.

సరిగ్గా అప్పుడే బేస్ నుంచి రెండు జెట్లు హాలు మీదుగా వెళ్ళాయి. లెమూర్‌లో జెట్ వెళ్తుంటే ఎవరూ మాట్లాడరు. సగం వాక్యంలో ఆగి, చప్పుడు పోయాక మిగతా సగం చెబుతారు. టటిల్ గారు కూడా ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలా నిలబడిపోయారు. కిటికీ అద్దాలు అదిరాయి. ముసలివాళ్ళందరూ అలవాటుగా తలలు పైకెత్తారు.

చప్పుడు తగ్గింది.

"మిసెస్ సంగ్ కాదు. నేనే కుట్టాను" అంది డెల్ఫీనా.

అందరూ ఇటు తిరిగారు. ఆమె మిగతాది కూడా చెప్పేసింది. ఈకలు పాతబడి ఊడిపోయాయనుకుందట. పలక మీద ఉన్నట్టే కత్తిరించిందట. తాతయ్యని అడిగితే గూడబాతు ఈకలు రాల్చిందన్నాడట.

ఆ చివరి మాటకి వెనకెవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. జెర్మానో అలాగే అంటాడు, ఇంకెలా అంటాడు అన్నారెవరో. వెండెల్ మాత్రం నవ్వలేదు. కుర్చీ తెమ్మని కూర్చున్నాడు. డెల్ఫీనా గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపాడు.

"ఇలా రా అమ్మడూ. మీ తాత నీకేమీ చెప్పలేదన్నమాట."

కొరియా యుద్ధం నాటి చలికాలం సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. నౌక డెక్ మీద మంచు గడ్డకట్టేదట. నావికులు పారలతో గీకేవాళ్ళట. ఆ రోజు వంతెన కొట్టడానికి వెళ్ళిన విమానాలన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. పెట్రోలు అయిపోయే వేళ కూడా దాటింది. ఇక రాదనుకుని కొందరు లోపలికి వెళ్ళిపోయారు. వెండెల్ వెళ్ళలేదు. ఆ పైలట్ వీపుకి కట్టిన పారాచూట్ మడతపెట్టింది తనే.

అప్పుడు మబ్బుల కింద నీళ్ళకి ఆనుకుని ఏదో కనిపించింది. ఒక పక్కకి ఒరిగి, కుంటుకుంటూ వస్తోంది. కుడి రెక్క చివరి ముక్క లేదు, ఎవరో కొరికేసినట్టుంది. విమానం దిగింది. దాని తోక కింది కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగని పట్టుకుని ఆపింది. పైలట్ కిందికి దిగగానే ఆ మంచులోనే కూలబడ్డాడు. అందరూ చుట్టూ మూగితే విరిగిన రెక్క వైపు చూసి, "గూడబాతులు ఈకలు రాల్చే కాలం వచ్చిందిరా" అన్నాడు.

"ఆ పైలట్ మీ తాతే" అన్నాడు వెండెల్.

డెల్ఫీనా నానమ్మ వైపు చూసింది. నానమ్మ అవునన్నట్టు తలూపింది.

పారాచూట్ల గదిలోకి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, చిన్న కత్తెరతో జెండాలో మూడు ఈకలు విప్పేశానని చెప్పాడు వెండెల్. మర్నాడు కమాండర్ చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. వెండెల్ ముందుకొచ్చాడు, శిక్ష తప్పదనుకున్నాడు. కమాండర్ చాలాసేపు జెండా చూసి, మళ్ళీ కుట్టొద్దు అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాషింగ్టన్‌లోని నేవీ ఆఫీసు నుంచి రెండుసార్లు మందలింపు వచ్చింది, చిహ్నం ఆమోదించినట్టుగా లేదని. విమానాల మీదా, చెక్క పలకల మీదా వాళ్ళు చెప్పినట్టే నిండు రెక్క వేశారు. జెండా జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. స్క్వాడ్రన్ మూసేసిన రోజు మ్యూజియం వాళ్ళు అది తప్పు జెండా అన్నారు. అందుకే అది ఇంటికొచ్చింది.

"మరి తిరిగి రానివాళ్ళకి?" అని అడిగింది డెల్ఫీనా.

వెండెల్ తల అడ్డంగా ఊపాడు. "వాళ్ళ కోసం ఈకలు తీస్తూపోతే పిట్టే మిగిలేది కాదమ్మా. ఇది వచ్చినవాడి గుర్తు. విమానం ఎక్కే ప్రతివాడూ ఈ ఖాళీని తడిమి వెళ్ళేవాడు. కొరియాలో, వియత్నాంలో, చివరి రోజు దాకా. రెక్క విరిగినా తిరిగి రావచ్చని."

డెల్ఫీనా జెండా వైపు చూసింది. ఆ రోజు ఆ విమానం రాకపోతే నాన్న లేడు, తను లేదు. ఆ చోటునే తను మూసేసింది, ఎవరినీ ఒక్క మాట అడక్కుండా.

వంటగదిలోంచి నానమ్మ కత్తెర తెచ్చింది. డెల్ఫీనా దాన్ని అందుకుంది, కానీ వెంటనే జెండా దగ్గరికి వెళ్ళలేదు.

"నేను విప్పనా తాతగారూ, మీరు విప్పుతారా?"

"నాకు వేళ్ళున్నాయి, నీకు కళ్ళున్నాయి. ఇద్దరం విప్పుదాం."

జెండా దించి ఒళ్ళో పరుచుకున్నారు. ఆయన వేళ్ళతో గుడ్డని బిగించి పట్టుకున్నాడు. ఆమె ఒక్కో కుట్టూ తెంపింది. చాలాసేపే పట్టింది. ఇంత గట్టిగా కుట్టే పిల్ల ఉంటే నౌకలో మాకు సగం పని తగ్గేదని ఆయన గొణిగాడు. మూడో ఈక ఊడి వచ్చాక ఖాళీలో చెయ్యి పెట్టి చూసి, "ఇదీ మన జెండా" అన్నాడు. సూది గుచ్చిన చోట చుట్టూ చిన్న చిన్న చిల్లులు ఉండిపోయాయి. డెల్ఫీనా అవి చూసి క్షమించమని అడిగింది. ఆయన ఆ చిల్లులు కూడా తడిమి, వాటినేమీ చెయ్యొద్దన్నాడు.

ఇంతలో టటిల్ గారు దగ్గరికి వచ్చారు. మొహమాటంగా ఉన్నారు. ఇందాకటి గొడవలో ఫోను చెవి దగ్గరే ఉండిపోయిందట, అవతల మిసెస్ సంగ్ హలో హలో అంటూనే ఉందట. ఏం చెప్పాలో తోచక భోజనానికి రమ్మన్నారట. వస్తోంది, ఇంకో కుర్చీ వెయ్యండి అన్నారు. ఈసారి హాలంతా నవ్వింది.

భోజనాల తర్వాత ఫోటోల బల్ల దగ్గర జనం చేరారు. ఎవరి ఫోటోలు వాళ్ళు అట్టల మీద అంటించి తెచ్చారు. డెల్ఫీనా ఒక్కో అట్టా చూస్తూ వెళ్ళింది. రోస్కో అనే ఆయన అట్ట మీద ఒక ఫోటో తలకిందులుగా ఉంది. డెక్ మీద నిలబడ్డ కుర్రాళ్ళు ఆకాశంలోకి వేలాడుతున్నట్టున్నారు.

డెల్ఫీనా చెయ్యి దాని మీదికి వెళ్ళింది. అంచు కొంచెం లేచే ఉంది. ఊడదీసి తిప్పి అంటించడం ఒక్క నిమిషం పని.

చెయ్యి వెనక్కి తీసుకుంది. కాఫీ తాగుతున్న రోస్కో దగ్గరికి వెళ్ళింది.

"తాతగారూ, ఆ ఫోటో అలా తలకిందులుగా ఎందుకు పెట్టారు? దానికేమైనా కథ ఉందా?"

ఆయన వచ్చి, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కథేం లేదు తల్లీ. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకోకుండా అంటించింది. తిప్పెయ్."

డెల్ఫీనా మెల్లగా ఊడదీసి, తిప్పి, బొటనవేలితో నొక్కి అంటించింది. కుర్రాళ్ళందరూ డెక్ మీద నిటారుగా నిలబడ్డారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చివరన ఉన్న పొట్టి అబ్బాయి మీద వేలు పెట్టింది.

"ఈయనెవరు?"

రోస్కో కాఫీ కప్పు పక్కన పెట్టి, తను కూడా కుర్చీ లాక్కున్నాడు.