కారణం లేని వెలుగు

మా మిరప కల్లం పిడుగురాళ్ల రోడ్డుకి కొంచెం లోపల, శనగచేను పక్కనే. కాయ ఎండేదాకా రాత్రి కాపలా నాన్నది, తెల్లారాక నాది. ఆయన టీకని ఊళ్లోకి వెళ్తాడు. నేను మంచుకి తడిసిన పట్టాలు ఎత్తి కాయ మీద ఎండ పడనిస్తాను. ఆ అరగంటంటే నాకు ప్రాణం. ఎర్రటి కల్లం, ముక్కులో ఘాటు, దూరంగా సున్నపు బట్టీల పొగ మీద లేత ఎండ.

చైతన్య పరిచయమైంది అక్కడే. డ్రోన్‌తో మందు కొడతాడు. పోయినేడు కూడా వచ్చాడంట, అప్పుడు నేను అమ్మమ్మ దగ్గరున్నాను. ఆ ఏడే కనిగిరి నుంచి కోతకొచ్చిన ముఠాలో జ్యోతి అనే పిల్ల ఎవరితోనో లేచిపోయిందని అమ్మ చెప్పేది.

గాలీ మబ్బూ చూడందే అతను డ్రోన్ లేపడు. ఆకాశమంతా తెలుసు అతనికి. సూర్యుడి చుట్టూ వలయంలా గుడి కడితే, "పైన మబ్బులో మంచు పలుకులుంటాయి రమ్యా, వెలుగు వాటిలో వంగుద్ది" అనేవాడు. మబ్బు సందుల్లోంచి విసనకర్రలా విచ్చుకునే కిరణాలు నిజానికి రైలు పట్టాల్లా పక్కపక్కనే వస్తాయట, విడిపోయేది మన కంటికేనట. పొద్దుగూకే వేళ సూర్యుడి పక్కన మెరిసే దొంగ సూర్యుడికీ కారణం చెప్పాడు. పది తప్పిన నాకు కూడా అర్థమయ్యేట్టు.

ఒక్కదానికే చెప్పలేదు. ఒకరోజు పొద్దున్నే నన్ను మంచు పట్టిన శనగచేను వైపు తిప్పి నిలబెట్టాడు. పొడుగ్గా పడ్డ నా నీడ తల చుట్టూ తెల్లటి వెలుగు.

"నా నీడకి లేదు చూడు. దీనికి కారణం లేదు. నీకే ఉంది" అన్నాడు.

అతనితో వెళ్లిపోవాలని ఆ రోజే అనుకున్నాను.

ఏడింటి బస్సు అన్నాడు. బట్టల సంచి ముందురాత్రే పట్టా కింద దాచాను. నాన్న టీకి వెళ్లాడు. సూర్యుడు గుడి కట్టుకుని లేచాడు. ఎందుకో ఒక్క పిట్టా కూయడం లేదు. ఆఖరిసారి నా వెలుగు చూసుకుందామని చేను గట్టెక్కాను.

ఉంది.

పక్కన ఇంకో నీడ వచ్చి నిలబడింది.

చైతన్యే అనుకుని, తిరక్కుండానే నవ్వాను. ఆ నీడకి జడ ఉంది... ఘాటైన పురుగుమందు వాసన.

"చెల్లీ, కారణం లేదన్నాడా?" చెవి పక్కనే గుసగుస.

"ఊఁ" అన్నాను.

"మంచు బొట్టులో పడ్డ ఎండ వెనక్కొచ్చుద్ది, అంతే. అందరికీ ఉంటది. ఎవరిది వాళ్లకే కనపడుద్ది. నీది నాకు కనపడదు, నాది నీకు కనపడదు."

నీడ తల నా సంచి వైపు వంగింది.

"నాకూ ఏడింటి బస్సే అన్నాడు."

"రాలేదా?"

"వచ్చాడు. నేనే... బస్సు దాకా రాలేదు."

అమ్మ చెప్పిన జ్యోతేనా అని గభాల్న తిరిగాను. ఎవరూ లేరు. గట్టు మంచు మీద నా అడుగులే ఉన్నాయి.

బండి చప్పుడు. చైతన్య దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. "పద. సంచి ఇటివ్వు."

నీడలు చూపించాను. "నీకు వెలుగు ఎవరి నీడకి కనపడుతోంది?"

"నీ నీడకే. ఎంత మెరుస్తున్నావో చూడు."

చూస్తూ చూస్తూనే అబద్ధం. అంత తేలిగ్గా. నేను నేర్చుకున్న ఆకాశమంతా ఒక్కసారి చేదైపోయింది.

"నేను రాను."

"పిచ్చి వేషాలెయ్యకు." మణికట్టు పట్టుకుని లాగాడు. లాగుతూ చేను వైపు చూశాడు. చెయ్యి సడలింది. మొహం సున్నంలా పాలిపోయింది.

"ఆ మూడోది..." అన్నాడు మెల్లగా. "ఎవరిది?"

నాకు రెండే కనపడుతున్నాయి.

బండి ఎలా ఎక్కాడో తెలీదు. మళ్లీ ఈ చుట్టుపక్కల చేలకి రాలేదు. ఫోన్ చేస్తే మోగుద్ది, ఎత్తడు.

మంచు పడ్డ ప్రతి పొద్దునా గట్టెక్కి చూసుకుంటాను. వెలుగు ఉంది. నా తల చుట్టూ కాదు.

నాకు మూరెడు పక్కన... ఏ నీడా లేని చోట.