నడిమి గది

మా కేబుల్ టీవీ కంట్రోల్ రూం నందిగామ బజార్లో, మా కొట్టు మీదుండే మేడ గది. కింద ఎండు మిరపకాయల బస్తాలు, పైన డాబా మీద డిష్షులు. గదికి ఒకటే తలుపు, అది మెట్ల వైపు. కిటికీ లేదు. గోడలకి థర్మాకోల్ అట్టలు కొట్టించి ఉంటాయి. వేసవిలో కింద నుంచి మిర్చి ఘాటు ఎక్కుతుంది. కొత్తవాళ్ళు తుమ్ముతారు, నాకు అలవాటే.

కేబుల్ పెట్టింది మా ఆయన శాంతయ్య. రెండువేల మూడులో గుండె ఆగి పోయాడు. ఏడుస్తా కూచుంటే ఊళ్ళో టీవీలకి బొమ్మ ఎవరిస్తారు? దినాలు కాగానే నేనే మెట్లెక్కి ఆయన కుర్చీలో కూచున్నా. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటా. కానీ ఏ ఇంటివాడు దొంగ కనెక్షను లాగాడో, ఆ ఇంటి పిట్టగోడ చూసి చెప్పేస్తా.

ఈ కేబుల్లో సగం మా మరిది కిషోర్ పేరున ఉంది. ఆయనుండేది జగ్గయ్యపేటలో. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"పెద్ద కంపెనీవాళ్ళకి ఇచ్చేద్దాం వదినా. ఆడదానివి, స్తంభాల గొడవ నీకెందుకు?"

"స్తంభాలెక్కేది నువ్వు కాదుగా కిషోర్. నీకేం నొప్పి?"

నవ్వేవాడు. తర్వాత నన్ను కొట్లోకి పంపించేసి, టీ తెప్పించుకుని, కంప్యూటర్ ముందు ఒక్కడే కూచునేవాడు. నేను తలుపు దగ్గరికొస్తే బొమ్మ మార్చేసేవాడు. ఆ మనిషి మీద నాకు అనుమానం ఊరికే రాలేదు.

కంప్యూటర్ అంటే మా లోకల్ ఛానల్‌ది. సాయంత్రం పాటలు, మధ్యలో చీరల కొట్టు అడ్వర్టైజ్‌మెంట్లు, కింద పుట్టినరోజు శుభాకాంక్షలు, అన్నీ దాన్నుంచే వెళ్తాయి. వైరస్ పట్టి రోజు మార్చి రోజు ఆగిపోతుంటే, కంచికచర్ల నుంచి మా అక్క జయమణి కూతురు ఉషశ్రీని పిలిపించా. బెజవాడలో కంప్యూటర్ కోర్సు చేసిన పిల్ల. నా దగ్గరే ఉండిపోయింది.

"పిన్నీ, ఇందులో ఉన్న సిస్టం పీకేసి లినక్స్ వేస్తా. దానికి వైరస్ గోల ఉండదు," అంది.

"ఏదో ఒకటి ఎయ్యి. నాకర్థమయ్యేట్టు చెప్పి మరీ ఎయ్యి."

చెప్పింది. ఉన్న రెండు డిస్కుల్నీ కలిపి ఒకే ఇల్లు చేసింది. ఆ ఇంట్లో గదులు కట్టింది. ఇటుక గోడలు కాదు, చెక్క పార్టిషన్ల లాంటివి. పాటలెక్కువైతే పాటల గది గోడ జరుపుకోవచ్చు.

"మరి కరెంటొచ్చినప్పుడు దీన్ని లేపేదెవరే?"

"బూట్‌లోడరని ఉంటుంది. వాకిట్లో కాపలావాడనుకో. వాడు పాతకాలం మనిషి, ఈ పార్టిషన్లు వాడికి తెలీవు. అందుకని గదుల బయట చిన్న వసారా కట్టా. వాడు ముందు వసారాలో వాణ్ణి లేపుతాడు. ఆ వసారా వాడికి లోపలి దారి తెలుసు. వాడెళ్ళి లోపల గది తలుపు తీసి అసలువాళ్ళని లేపుతాడు."

"ఏ గది తలుపు?"

"మనం ఏ పేరు రాసిస్తే ఆ గది. ఇప్పటికి హాలు."

సరే బాగానే ఉందనుకున్నా. కొన్నాళ్ళు బాగానే నడిచింది కూడా.

రెండువేల ఆరు వేసవి. ఒకరోజు పొద్దున కొత్త పాటలు ఎక్కించబోతే చోటు లేదంది కంప్యూటర్. ఉష గదుల పేర్లన్నీ తెర మీదకి తెప్పించింది. హాలు, పాటలు, అడ్వర్టైజ్‌మెంట్లు. వాటి కింద ఇంకోటి. ఇంగ్లీషు అక్షరాల్లో నేను కూడబలుక్కుని చదివా. నడిమి గది.

"ఇది నేను కట్టలేదు పిన్నీ."

"పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, కిషోర్ బాబాయికీ."

"ఇంకేం మరి. దొంగ దొరికాడుగా."

ఆ మర్నాడే కిషోర్ కంపెనీ వాళ్ళని తీసుకొస్తానన్నాడు. ముందురోజే వచ్చి నందిగామలో వాళ్ళ మామగారింట్లో దిగాడు కూడా. నా ఛానల్ని నాకు తెలీకుండా వేరే గదిలోంచి నడిపించే ఏర్పాటేదో చేసుంటాడు, అది చూపించి నన్ను పక్కకి తోసేస్తాడు. అందులో ఏముందో ఇవాళ తెలిస్తే రేపు అందరి ముందూ కడిగెయ్యొచ్చు. తెలీకపోతే ఈ కుర్చీ నాది కాదు.

సాయంత్రం ఉష దాన్ని తెరవబోయింది. "ఖాళీ అంటోంది పిన్నీ. కానీ పొద్దుటి కంటే పెద్దదైంది."

"ఖాళీ గది ఎట్టా పెరుగుద్దే? లోపల ఎవడో ఉండి గోడ జరుపుకుంటేగా."

అది ఇంకోసారి నొక్కి చూసింది. ఖాళీ అనే వచ్చింది.

"బయట నుంచి తెలీకపోతే లోపల నుంచి లేపు. కాపలావాడికి ఆ పేరు రాసియ్యి."

"వద్దు పిన్నీ. ఎవరు కట్టారో తెలీని గదిలోంచి లేపటం..."

"రాయమన్నా."

రాసింది.

దీపాలు పెట్టే వేళైంది. మా వీధికి కరెంటు కోత. అవతల వీధులకి ఉంది, వాళ్ళ ఫీడరు వేరు. మేము ఇన్వర్టర్ మీద ఉన్నాం. అది తేనెటీగల్లే గొణుగుతా ఉంది. ఉష కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టింది. నల్లటి తెర మీద రెండు లైన్లొచ్చాయి. పైన హాలు, కింద నడిమి గది. ఉష కింది లైను మీదకొచ్చి నా మొహం చూసింది. నేను తలూపా.

తెర మొత్తం నల్లబడింది.

డిస్కు తిరుగుతున్న చప్పుడు. టక్... టక్... తర్వాత ఇంకో చప్పుడు, కంప్యూటర్‌ది కాదది. తుప్పు పట్టిన గడియ మెల్లిగా లాగుతుంటే వచ్చే చప్పుడు. ఆ వెంటనే వాసన. మిర్చి ఘాటు పోయింది, ఒక్కసారిగా. ఏళ్ళ తరబడి మూసిన గది తీస్తే కొడుతుందే, తడి సున్నం, గబ్బిలాల రెట్ట... అదీ.

"లేవలేదు పిన్నీ," అంది ఉష, గొంతు తగ్గించి.

ఫోన్ మోగింది. బసవయ్య గారు. పాట ఆగితే చాలు ఫోన్ కొట్టే మనిషి.

"ఏమ్మా ప్రమీలారాణీ, పాటలాపేసి మీ గది చూపిస్తున్నారేంటి?"

"మా గదేంటండీ? ఇక్కడ కెమెరా కూడా లేదు."

"లేకపోతే ఎట్టా కనబడతా ఉంది? ఫోన్ పట్టుకుని కూచున్నావు, నీలం చీర. పక్కన మీ అక్క కూతురు. చూసేవాళ్ళకి ఏం బాగుంటుందమ్మా. పాటలెయ్యి."

నా చీర చూసుకున్నా. నీలమే.

"ఆ వెనక తలుపేసుకోండి, దోమలొస్తయి," అన్నాడాయన.

"మా వెనక తలుపు లేదండీ. గోడ."

"గోడెక్కడుందమ్మా. బార్లా తీసుంటే."

నేను వెనక్కి తిరిగా. థర్మాకోల్ అట్టలు. గోడ. చెయ్యి పెట్టి చూసా. గోడే.

ఫోన్ పెట్టీ పెట్టకముందే మళ్ళీ మోగింది. సత్యనారాయణమ్మ గారు. వాళ్ళింట్లో సీరియల్ అవగానే మా ఛానల్ పెడతారు.

"ఆ లోపల గదిలో లైటన్నా వేసుకోరు, ఆ కూచున్నామె ఎవరో కనబడితేగా," అంది. కొంచెం ఆగి, "లేచిందమ్మోయ్," అంది.

ఇన్వర్టర్ గొణుగుడు ఆగిపోయింది.

చీకటి. నా చెయ్యి నాకే కనబడని చీకటి. మెట్ల వైపు తలుపు ఎటుందో తెలీలా. చెయ్యి చాపితే ఉష చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకున్నా.

"ఉషా."

"ఊఁ."

"కదలకు."

ఫోన్ మోగింది. కరెంటు లేకపోయినా ఆ ఫోన్ పనిచేస్తుంది. తడుముకుని ఎత్తా. కిషోర్.

"వదినా, ఏం చేసావు?"

"నువ్వు చేసిందేదో అదే తెరిచా. ఎవరి గదిరా అది?"

"నాకేం తెలుసు? నేను కట్టలా. వదినా, ఉష లోపలికెందుకెళ్తోంది?"

"ఏ లోపలికి?"

"నీ వెనక గదిలోకి. ఇప్పుడే లేచి... వెనక్కి పిలువు. పిలువు వదినా... తలుపు మూసుకుంటోంది..."

"ఉష నా పక్కనే ఉంది. దాని చెయ్యి నా చేతిలో ఉంది."

అటు కుర్చీ టీవీ దగ్గరికి జరిపిన చప్పుడైంది.

"వదినా," అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "నీ చేతిలో ఏం లేదు. గాలిని పట్టుకుని కూచున్నావు."

నా చేతిలో ఉన్న చెయ్యి మెల్లిగా తిరిగింది. నా వేళ్ళని ఒక్కొక్కటే తడమటం మొదలుపెట్టింది. బొటనవేలు... చూపుడువేలు... గోరు... కణుపు. వేళ్ళంటే ఏంటో ఎప్పుడూ చూడనివాళ్ళు తడిమినట్టు.

నేను వదల్లా. వదిలితే అదెక్కడుందో తెలీదుగా.

అంతలో కరెంటొచ్చింది. ట్యూబులైటు కొట్టుకుని వెలిగింది. కంప్యూటర్ దానంతటదే మొదలై, పై లైను తీసుకుని, హాల్లోంచి లేచింది. పాటొచ్చింది. మిర్చి ఘాటు కూడా వచ్చింది. నా పక్కన ఉష కూచునుంది, నా వేళ్ళ వంకే చూస్తా.

"ఇంటికెళ్దాం," అంది.

ఇన్వర్టర్ ఆగాక బొమ్మ ఊళ్ళోకి ఎట్టా వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఏ మెకానిక్‌ని అడిగినా వెళ్ళదంటాడు.

మర్నాడు కిషోర్ వచ్చాడు. కంపెనీవాళ్ళని తీసుకురాలేదు. కొట్టు ముందు నిలబడ్డాడు, మెట్లెక్కలా. తన సగం నాకు రాసిచ్చేస్తానన్నాడు. నాకింకా అనుమానమే. నాటకమాడుతున్నాడేమోనని కళ్ళల్లోకి చూసా. నాటకమాడేవాడు సగం వాటా వదులుకోడు.

"ఒక్క మాట వదినా. ఆ పిల్లని ఇంట్లో పెట్టుకోకు."

"అక్క కూతుర్ని ఎక్కడికి పంపను?"

"నువ్వు టీవీ చూడలేదు," అని బండెక్కాడు.

ఉషని అడిగితే ఆ గది తీసేసానంది. ఎట్టా తీసావే అంటే, "తీసేసా," అంది అంతే. పేర్లు తెప్పించి చూసా. హాలు, పాటలు, అడ్వర్టైజ్‌మెంట్లు. మూడే.

తర్వాత మా అక్క జయమణి వారం ఉంటానని పెట్టె సర్దుకుని వచ్చింది. కూతురి పక్కన కూచుని అన్నం తింది. మధ్యాహ్నం బస్సుకే కంచికచర్ల వెళ్ళిపోయింది. ఏమే అంటే ఎండలంది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి నన్ను చూసింది, కూతుర్ని చూడలా.

కేబుల్ ఇప్పుడు పూర్తిగా నాది. ఉష పనికి వంక పెట్టడానికి లేదు. తిడితే ఎదురు చెప్పదు. వేడి టీ ఊదకుండా తాగుతుంది.

నిన్న కొత్తగా కనెక్షను తీసుకున్న భారతీదేవి గారు ఫోన్ చేసారు.

"బొమ్మ బాగుందండీ. ఒక్కటి అడుగుదామని. పాటకీ పాటకీ మధ్య తెర నల్లగా అవుద్ది చూడండి, అప్పుడు ఎవరో ఆడపిల్ల తలుపు బాదతా 'పిన్నీ, తలుపు తియ్యి పిన్నీ' అంటోంది. రోజూ వస్తోంది. ఏ సినిమా అండీ అది?"

పక్కన టకటక ఆగింది. ఉష కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిరిగింది.

"ఎవరు?" అంది.

"రాంగ్ నంబర్," అన్నా.