ఒంటి చేతి స్వెటర్

ఆదివారం అందరికీ సెలవని ఎవరన్నారో గానీ, ఆ అన్నవాడికి ఇంట్లో ఎవరో ఒకరు వండిపెడుతూనే ఉండి ఉంటారు. మధులత పొద్దున్నే లేచి పాలు కాచింది, మిషన్‌లో బట్టలు వేసింది, అల్లం వెల్లుల్లి దంచి మటన్‌కు మసాలా పట్టించింది. అప్పుడు గానీ స్టూలు తెచ్చుకుని వంటింటి సజ్జ కింద వేసుకోవడానికి తీరిక దొరకలేదు. అయినా ఆమె ముఖంలో విసుగు లేదు. చాలా రోజుల తర్వాత ఏదో హుషారు కనిపిస్తోంది.

కారణం చిన్నదే. నిన్న సాయంత్రం ఎర్రమంజిల్ ఆఫీసు నుంచి మెట్రోలో వస్తుంటే ఎదుటి సీట్లో ఒక అమ్మాయి ఊలు అల్లుతూ కనిపించింది. పంజాగుట్ట దాటేలోపే కుట్టు జారవిడిచింది. చూసుకోమని చెప్పబోతుండగానే అమీర్‌పేట వచ్చేసింది, మధులత దిగిపోయింది. దిగిందే గానీ వేళ్లు ఊరుకుంటేగా! రాత్రి అన్నం వడ్డిస్తున్నా గాల్లో అల్లుతూనే ఉన్నాయి. రెండేళ్ల కిందట సగంలో ఆపేసిన పసుపుపచ్చ స్వెటర్ సజ్జ మీద సంచిలోనే ఉంది. ఒక చెయ్యి పూర్తయింది. రెండోది అల్లితే అయిపోయినట్టే.

సజ్జ మీద పాత ఫ్యాను ఉంది, కుక్కర్ అట్టపెట్టె ఉంది. సంచి లేదు.

"అత్తమ్మా, ఈడ నా ఊలు సంచి ఉండాలె. చూసిండ్రా?"

హాల్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త చంద్రమ్మ తలెత్తకుండానే జవాబిచ్చింది. "మొన్న సజ్జంత సాఫ్ చేసిన గద. పాత బట్టలన్ని మూటగట్టి స్టీలు సామాన్ల లచ్చమ్మకేసిన. గా మూత గిన్నె ఇచ్చింది. మొదలు చిన్న డబ్బా ఇస్తనన్నది గాని, నేను ఊకుంటనా?"

మధులత పొయ్యి పక్కకు చూసింది. కొత్త గిన్నె తళతళలాడుతోంది. తాను పొద్దున మసాలా పట్టించిన మటన్ అందులోనే ఉంది.

"దాంట్ల నా స్వెటర్ ఉండె అత్తమ్మా!"

"ఒక చెయ్యి ఉన్నది, ఒక చెయ్యి లేదు. చినిగిందనుకున్న బిడ్డా. గసొంటిది ఎవరు తొడుక్కుంటరు?"

"చినగలే. అల్లుతున్న. అడగాలె గద నన్ను!"

ఆ గొంతుకు లోపలి గదిలోంచి భర్త విజయేందర్ ఫోను పట్టుకునే వచ్చాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ నడుపుతాడు. పట్టుదల గురించి, ఏకాగ్రత గురించి పిల్లలకు గంటల తరబడి చెప్పగలడు. విషయం విని నవ్వేశాడు.

"ముట్టుకోక రెండేండ్లాయె. దానికి గింత లొల్లా మధూ? గంతగనం కావాలంటే కొత్తది కొనుక్కో. గల్లీకి నాలుగు దుకాణాలున్నయ్."

ఆ నవ్వే కొంప ముంచింది.

"ఎందుకు ముట్టలేదో ఎన్నడన్న అడిగినవా?" మధులత స్టూలు పక్కకు నెట్టింది. "సూదులు చేతులకు తీస్కోంగనే మీ అందరి నోట్ల ఒక్కటే మాట. ఖాళీగనే ఉన్నవ్ గద, జర చాయ్ పెట్టు. ఖాళీగనే ఉన్నవ్ గద, నా మోకాలుకు నూనె రాయి బిడ్డా. ఖాళీగనే ఉన్నవ్ గద మమ్మీ, నా రికార్డుకు అట్టెయ్యి. రెండు చేతుల నిండ ఊలున్నా మీ కండ్లకు నా చేతులు ఖాళీగనే కనవడ్డయ్!"

కాలేజీ రికార్డు రాసుకుంటున్న కూతురు దివ్యశ్రీ తల ఇంకా కిందికి వంచేసింది.

అన్న తర్వాత గానీ మధులతకే ఆ సంగతి తెలియలేదు. ఇన్నాళ్లూ తనకే మోజు తీరిపోయిందనుకుంది. ఆఫీసు పని పెరిగింది, వయసు పెరిగింది, సరదాలు వాటంతటవే పోతాయిలే అని సర్దిచెప్పుకుంది. పోలేదు. కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు లేపేశారు. లేచి లేచి విసిగి కూర్చోవడమే మానేసింది. అందుకు వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో, కిక్కురుమనకుండా లేచిన తన మీద అంతకు రెట్టింపు వచ్చింది.

విజయేందర్ చల్లారుద్దామనుకున్నాడు పాపం. "సరే సరే, తప్పయింది. ముందు మటన్ పొయ్యి మీద పెట్టు. నాకు డెమో క్లాస్ ఉన్నది."

మధులత అగ్గిమీద గుగ్గిలమైంది. గిన్నెలోని మటన్‌ను కుక్కర్‌లోకి బోర్లించింది. గిన్నెను బరబరా తోమి, చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

"ఎటు పోతున్నవ్?" అన్నాడు విజయేందర్.

"ఈ గిన్నె ఇచ్చి నా స్వెటర్ తెచ్చుకుంట. మటన్ కుక్కర్ల ఉన్నది. ఖాళీగనే ఉన్నవ్ గద, వండుకో!"

చంద్రమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని లేచింది. "ఆగు. లచ్చమ్మ ఆదివారం ఎర్రగడ్డ సడక్ మీద పాత బట్టలు అమ్ముతది. నువ్వు ఆమెను గుర్తువట్టలేవు. నేను సుత వస్త."

ఇద్దరూ ఆటో ఎక్కారు. చలిగాలికి చంద్రమ్మ శాలువా భుజాల చుట్టూ లాక్కుంది. అదీ కోడలు అల్లిందే.

"గది దివ్యకా? ఇప్పటికి పొట్టిగైతుండె గద," అంది.

"దివ్యకు కాదు."

"మరి నా కొడుక్కా?"

"నాకు."

చంద్రమ్మ శాలువా కొసను వేళ్లతో తడుముతూ ఉండిపోయింది. తనకు శాలువా, కొడుక్కి స్వెటర్, మనవరాలికి టోపీలు, చెప్పుకుంటూ పోతే ఆడబిడ్డ పిల్లలకు మేజోళ్లు కూడా ఈ చేతులే అల్లాయి.

"నాకు చెప్పకపోతివి?"

"చెప్తే ఏమైతుండె?"

ముసలామె అబద్ధం ఆడలేదు. "ఏమైతుండెనో నాకు సుత తెల్వది," అంది.

ఎర్రగడ్డలో లచ్చమ్మ పాత ప్యాంట్లు, లంగాలు గుట్టలుగా పోసుకుని కూర్చుంది. స్వెటర్ మాట ఎత్తగానే పెదవి విరిచింది. "ఒంటి చేతిది ఎవరు కొంటరమ్మా? విప్పేసిన. తోరణాలు అల్లేటోళ్లు ఊలు తీస్కపోతరు." గోనెసంచి అడుగు నుంచి పసుపుపచ్చ ఊలు ఉండలు తీసి చూపించింది. సూదులు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి. లంగాల్లోకి నాడాలు ఎక్కించడానికి వాడుతోంది.

మెలికలు పడ్డ ఆ ఊలును మధులత చేతుల్లోకి తీసుకుని ఒక్కో ఉండా తిప్పి చూసింది. మెడ, వీపు, అంత కష్టపడి కుదిర్చిన ఆ చెయ్యి, ఏదీ మిగల్లేదు. మళ్లీ మొదటి కుట్టు నుంచే. ఇంత దూరం మోసుకొచ్చిన కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక అలాగే నిలబడింది.

చంద్రమ్మ ఆమె చంకలోంచి గిన్నె లాగి లచ్చమ్మ ముందు పెట్టింది. "తీస్కో నీ గిన్నె. ఊలు, సూదులు ఇటియ్యి."

లచ్చమ్మ మూత తీసి వాసన చూసింది. "మసాల వాసనొస్తున్నది కదనే!"

"వస్తది మరి. మా ఇంట్ల ఆదివారం. మొదలు ఇచ్చెయ్యి, తర్వాత మాట్లాడు."

మధులతకు నవ్వొచ్చింది. ఇంత కోపంలో నవ్వొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది. కళ్లు తుడుచుకుని ఆటోను పిలిచింది.

ఇంటికొచ్చేసరికి మటన్ అడుగంటిన వాసన. అందరూ ఆ మాడుకూరే తిన్నారు. మధులత ఊలును కుర్చీ వీపుకు చుట్టి, ఆ పెద్ద చుట్టను చిలపగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, బాల్కనీలో ఎండలో ఆరేసింది. సాయంత్రానికి మెలికలు పోయి దారం సాపుగా అయింది.

దాన్ని ఉండ చుట్టాలంటే తగిలించుకోవడానికి రెండో మనిషి చేతులైనా కావాలి, కుర్చీ వీపైనా కావాలి. కుర్చీ కోసం వెతుకుతుంటే చంద్రమ్మ వచ్చి దివాన్ మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచింది. "ఎయ్యి."

"మీ చేతులు గుంజుతయి అత్తమ్మా."

"గుంజనియ్యి. ఎయ్యమన్న గద."

మధులత చిలప తెచ్చి ఆ చేతులకు వేసింది. పక్కనే కూర్చుని కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. దారం వచ్చే వైపుకు చంద్రమ్మ మణికట్లు అటూ ఇటూ ఒరిగిస్తోంది.

డెమో క్లాసు ముగించుకుని విజయేందర్ వచ్చాడు. సోఫాలో కూలబడి అలవాటు కొద్దీ అనేశాడు. "మధూ, తలనొప్పి లేస్తున్నది. జర చాయ్ పెట్టరాదు."

మధులత చెయ్యి ఆగింది. పాదాలు చెప్పకుండానే నేలకు ఆనాయి, లేవడానికి.

"నువ్వు చుట్టు," అంది చంద్రమ్మ కోడలితో. తర్వాత కొడుకు వైపు తిరిగి, ఊలు చుట్టుకున్న రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "కండ్లు కనవడ్తలేవారా? నా చేతులు ఖాళీ లేవ్. నీ పెండ్లాం చేతులు సుత ఖాళీ లేవ్. నువ్వే పెట్టుకో. మాకు సుత ఇన్ని పొయ్యి."

విజయేందర్ తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. లేచి వంటింట్లోకి నడిచాడు. కాసేపటికి డబ్బాల చప్పుడు, ఆ తర్వాత అతని గొంతు. "చక్కెర ఏడున్నది?"

మధులత నోరు తెరిచింది. చంద్రమ్మ కళ్లతోనే వద్దంది.

"ఆగు డాడీ, నేను చూపిస్త," అంటూ దివ్యశ్రీ రికార్డు మూసి లేచింది.

మధులత కళ్లలోంచి నీళ్లు టపటపా ఊలు ఉండ మీద పడ్డాయి. వాటిని తుడవడానికి కూడా చేతులు ఖాళీ లేవు. చంద్రమ్మ తన శాలువా అంచు ముందుకు జారేలా వంగి, భుజంతోనే కోడలి చెంప తుడిచింది.

టీ పానకంలా ఉంది. తాగేసి మధులత సూదులు చేతిలోకి తీసుకుంది. మొదటి కుట్టు బిగుసుకుపోయింది. కోపంతో వేస్తే అలాగే అవుతుంది, ఆమెకు తెలుసు. విప్పింది. ఊపిరి పీల్చుకుని, మళ్లీ వదులుగా వేసింది. ఆ రాత్రి వరస పూర్తయ్యేదాకా ఆమెను ఎవరూ పిలవలేదు.