ఒక ఇంటికి ఒక షాపు

"ఈ గొడుగులు ఎవరివండీ?"

"నావే. ఏం?"

"నా కస్టమర్లు లోపలికి రావాలంటే వీటి కింద నుంచి పాక్కుంటూ రావాలా?"

వాళ్ళిద్దరి మధ్య మొదటి మాటలు ఇవే. ఎదురు షాపులో గుండీలు, దారపు రీళ్ళు అమ్ముకునే నేను ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా విన్నాను. బయట కుండపోతగా వాన. గొడుగులు బాగుచేసే అబ్బాయి తడిసిన గొడుగులన్నీ తెరిచి నడవాలో ఆరబెట్టాడు. పక్క షాపు టైలరమ్మాయి మెడలో టేపు వేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తడి గొడుగు మూసిపెడితే గుడ్డ కుళ్ళిపోతుందండీ," అన్నాడతను.

"అయితే మీ షాపు ముందు ఆరబెట్టుకోండి."

"నా ముందు ఖాళీ లేదు. మీ ముందు ఎటూ జనం లేరుగా."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల గొడుగులన్నీ టపటపా మూసేసి అతని బల్ల మీద పడేసింది. పోతూ పోతూ వాళ్ళ భాషలో ఏదో అంది. దీవెన మాత్రం కాదని మొహం చూస్తేనే తెలిసింది.

వాళ్ళిద్దరూ పక్కపక్కన పడటానికి కారణం ఏ విధీ కాదు, ప్రభుత్వం. పాత మార్కెట్లో షాపులన్నీ మగవాళ్ళ పేరు మీదే ఉండేవి. ఒక్కో భాషవాళ్ళు ఒక్కో వరస పట్టుకుని, అవతలి వరస గడప తొక్కేవాళ్ళు కాదు. కొత్త మార్కెట్ కట్టాక సగం షాపులు ఆడవాళ్ళకే ఇవ్వాలనీ, వాళ్ళే నడపాలనీ రూలు పెట్టారు. పక్కపక్క షాపులు ఒకే భాషవాళ్ళకి ఇవ్వరు. అందరికీ అందాలని, ఒక ఇంటికి ఒక షాపే. మగవాళ్ళు గొణిగారు, సణిగారు, ఊరేగింపు కూడా తీశారు. నాకు మాత్రం నా పేరున్న బోర్డు చూసుకుంటే కడుపు నిండిపోయేది. అప్పటిదాకా ఫలానావాళ్ళ కోడలు, ఫలానావాళ్ళ అమ్మ అనిపించుకోవడమే తప్ప నన్ను పేరు పెట్టి పిలిచిన నాథుడు లేడు. ఇప్పుడా కొత్త మార్కెట్ కూడా లేదు. ఆ రేకుల కప్పు కింద గడిచిన రోజులు తలుచుకుంటే ఈ వయసులోనూ మనసు అక్కడికే పరిగెడుతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. గొడవయ్యాక కొన్నాళ్ళు ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఒకరోజు అతను ఊచలకి గుడ్డ కుడుతుంటే ఆ పిల్ల చూడనట్టే చూసి, ఇక ఉండబట్టలేకపోయింది.

"అది కుట్టా, కుక్క కరిచిందా?"

"ఇదివరకు మా అమ్మ కుట్టేది. ఇప్పుడు తనకి చూపు ఆనడం లేదు."

ఆ జవాబుకి ఆమె మెత్తబడింది. "ఇలా ఇవ్వండి," అని చెయ్యి చాపింది.

ఆ రోజు నుంచి గుడ్డలన్నీ ఆమె మిషన్ మీదికే వెళ్ళాయి. బిగుసుకుపోయే ఆమె షట్టర్ పొద్దున్నే ఎత్తడం అతని వంతు. మీరు కాస్తా నువ్వు అయింది. అతను వాళ్ళ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి, ఓసారి ఆ పిల్ల నాన్నని ఆ భాషలో పలకరించాడు. పెద్దాయన నవ్వీ నవ్వీ పొలమారి, చివరికి పక్కన కూర్చోబెట్టుకుని తప్పులు దిద్దాడు.

ఒక మధ్యాహ్నం మా గొడుగులబ్బాయి నిక్షేపంలాంటి గొడుగుకి గుడ్డ ఊడదీస్తున్నాడు.

"ఏరా, అది బాగానే ఉంది కదా?"

"కుట్లు వదులయ్యాయక్కా."

"కుట్లా? నాకు కనపడవేం?"

చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ గొడుగు పట్టుకుని పక్క షాపులోకి జారుకున్నాడు.

ఇంత చక్కగా నడుస్తున్న కథని తన నోటితోనే చెడగొట్టుకున్నాడు. ఒకరోజు షాపులు కట్టేసే వేళ వాన పట్టుకుంది. ఎవరూ కదల్లేక ఆగిపోయాం. అతను వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మతో చెప్పాను. పిల్లలు ఏ భాష మాట్లాడతారని అడిగింది. రెండూ అన్నాను."

ఆమె తల వంచుకుని నవ్వింది. "మరి షాపు సంగతి? ఒక ఇంటికి ఒకటే కదా."

"దాందేముంది, నీది తిరిగిచ్చేద్దాం. పెళ్ళయ్యాక నా షాపులోనే కుట్టుకుందువుగాని."

నవ్వు ఆగిపోయింది. "ఎంత తేలిగ్గా అన్నావు. ఇంట్లో అందరూ వద్దంటుంటే, ఆఫీసు చుట్టూ తిరిగి, పని చూపించి తెచ్చుకున్నాను ఈ షాపు. నా పేరు మీద నాకున్నది ఇదొక్కటే."

"అందరూ అలాగే చేస్తున్నారు కదా."

"అయితే ఆ అందర్నీ చేసుకో."

షట్టర్ ధన్‌మని పడింది. ఆమె వానలోనే వెళ్ళిపోయింది. పక్కన ఇన్ని గొడుగులుండి ఒక్కటీ తీసుకోలేదు.

అబ్బాయి అన్నది అబద్ధమేం కాదు. అప్పటికే మా వరసలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పెళ్ళి కుదరగానే షాపులు ఇచ్చేసి వెళ్ళిపోయారు. వాళ్ళని చూసి అక్షింతలు వేయాలో ఏడవాలో నాకు తెలిసేది కాదు.

మర్నాటి నుంచి ఆ షట్టర్ ఎత్తడానికి ఆమె తంటాలు పడేది గానీ అతన్ని పిలిచేది కాదు. చివరికి అబ్బాయి వాళ్ళమ్మ తడుముకుంటూ అతని షాపుకొచ్చింది.

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ గొడుగులకి గుడ్డలు కుట్టింది ఎవర్రా?"

"నువ్వే."

"బోర్డు మీద ఎవరి పేరుండేది?"

వాడు చేతిలో గొడుగు బల్ల మీద పెట్టేశాడు.

"ఆ పిల్ల నాకు నచ్చింది. నువ్వే నచ్చడం లేదు," అని ఆవిడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి సంగతి నేను కళ్ళారా చూశాను. లైసెన్సు పనిమీద మార్కెట్ ఆఫీసుకి వెళ్తే, నా ముందు లైన్లో మా గొడుగులబ్బాయి.

"షాపు తిరిగిచ్చేస్తానండీ," అన్నాడు ఆఫీసరమ్మతో.

"కారణం?"

"పెళ్ళి."

ఆవిడ తలెత్తింది. "ఎవరిది?"

"నాదేనండీ. అమ్మాయికి షాపుంది."

"ఈ సీట్లోకొచ్చాక ఈ కారణం చెప్పిన మగవాణ్ణి నిన్నే చూస్తున్నాను. ఇంతకీ పెళ్ళెప్పుడు?"

"తెలీదండీ. ఆ అమ్మాయి ఇంకా మాట్లాడటం లేదు."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మార్కెట్‌కి తిరిగొచ్చాక అతను తిన్నగా ఆమె దగ్గరికెళ్ళి చెప్పాడు. ఆమె పొంగిపోతుందనుకున్నాం. కత్తెర పక్కన పెట్టి లేచింది.

"నిన్నెవరు ఇచ్చెయ్యమన్నారు?"

"నువ్వు ఇవ్వనన్నావుగా."

"నాది ఇవ్వనన్నాను. నీది ఇమ్మన్నానా? నాది ఇచ్చేద్దామన్నప్పుడు నన్నడగలేదు. నీది ఇచ్చేసినప్పుడూ నన్నడగలేదు. నన్నెప్పుడు అడుగుతావు నువ్వు?"

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. మా వరస మొత్తం పనులు ఆపేసి చూస్తోంది.

"ఇప్పుడడగొచ్చా?"

"అడుగు."

నన్ను పెళ్ళి చేసుకుంటావా, నీ షాపులో నాకు చోటిస్తావా అని వాళ్ళ భాషలో, అన్నీ తప్పులతో అడిగాడు. ఆమె షాపంతా ఓసారి కలయజూసింది. గోడలూ, గుడ్డ తానులూ, మిషనూ, మధ్యలో బట్ట కత్తిరించే పెద్ద బల్లా. కళ్ళు తుడుచుకుని మన భాషలో అంది:

"ఈ బల్ల అటు జరిపితే ఇద్దరం పడతాం. ఆ చివర పట్టుకో."

బల్ల బరువుగా ఉంది. కదల్లేదు. నా షాపు అలాగే వదిలేసి వెళ్ళి నేనూ ఒక చెయ్యి వేశాను.